కిరణ్మయి పేరు మీద అర్చన

పులిహోర అన్నం పొయ్యి మీంచి దించడానికి రెండు చేతులూ కావాలి. కిరణ్మయి కుడి మణికట్టుకి హాస్పిటల్లో కట్టిన పట్టీ ఇంకా ఉంది. ఆ మాట నోరు తెరిచి చెప్పడానికి మొహమాటం. మసిగుడ్డ తీసుకుని, గిన్నె ఒక చెవిని ఎడమచేత్తో పట్టుకుని, రెండో చెవి కింద కుడి మోచెయ్యి పెట్టబోయింది.

"ఓసి పిచ్చిమొహమా! ఆగు, ఆగు!" చింతపండు పిసుకుతున్న చేతులు అలాగే పైకెత్తిపట్టుకుని పుష్పలీల ఆంటీ పరుగెత్తుకొచ్చింది. "నన్ను పిలవచ్చు కదే? నోట్లో నాలుక లేదూ?"

"మీరు పనిలో ఉన్నారని, ఆంటీ..."

"నువ్వు అది మీద పోసుకుంటే అప్పుడు ఉండేది నాకు పని! జరుగు."

ఇద్దరూ కలిసి అన్నాన్ని పెద్ద స్టీలు తాంబాళంలోకి వంచారు. ఆవిరికి ఆంటీ కళ్లజోడు మసకబారిపోయింది. కిరణ్మయి ఎడమచేత్తో అట్లకాడ పట్టుకుని అన్నాన్ని అంచులకి నెట్టి చాళ్లు తీసింది. పసుపు జల్లి, పచ్చినూనె పోసి, కరివేపాకు రెమ్మల్ని వేడన్నం కిందికి తోసింది. అలవాటు లేని చెయ్యి కదా, మెతుకులు బల్ల మీద పడుతున్నాయి. పడ్డప్పుడల్లా ఉలిక్కిపడి తలెత్తి ఆంటీ మొహంలోకి చూస్తోంది. ఆంటీ చూడనట్టు చింతపండు పులుసులో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

లండన్ ఈస్ట్ హామ్‌లో ఒక పక్క వీధిలో, ఒకప్పుడు ఫర్నిచర్ అమ్మిన షాపు అది. ఇప్పుడు గుడి. కింద హాలు, దేవుళ్లు, వెనకాల వంటగది. పైన రెండు గదులున్నాయి. మొగుడి చేతిలో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్లకి ఆ గదులు. కమిటీ వాళ్లు దానికి సహాయ కేంద్రం అని పేరు పెట్టారు. కేంద్రం అంటే నిజానికి పుష్పలీల ఒక్కతే. నర్సుగా రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. గుడి తాళాలు ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి.

"కౌన్సిల్ ఆఫీసుకి పొద్దున్న మళ్లీ ఫోన్ చేశానే," అంది ఆంటీ, పోపు మూకుడు పెడుతూ. "అదే పాట పాడారు."

కిరణ్మయి అట్లకాడ ఆపింది. "ఏమన్నారాంటీ?"

"నీ వీసాకి ప్రభుత్వం నుంచి ఏ సాయమూ రాదట. ఆ సాయం రానివాళ్లకి వాళ్ల రెఫ్యూజ్‌లో, అదే ఆడవాళ్ల ఆశ్రయంలో, బెడ్ ఇవ్వరట. మొగుడి వర్క్ పర్మిట్ మీద వచ్చినదానివి, మొగుణ్ణి కాదంటే ఈ దేశంలో నువ్వెవరివి అంటున్నారు. ఎంత మర్యాదగా అన్నారో! సారీ అని కూడా చెప్పారు." శనగపప్పు, మినపప్పు మూకుట్లో పడి చిటపటలాడాయి. "పోనీలేవే. వాళ్లెవరు ఇవ్వడానికి? ఈ గది ఉంది. నేనున్నాను. చచ్చేదాకా ఉండు ఇక్కడ, నిన్ను పొమ్మనేవాడెవడో నేనూ చూస్తా."

కిరణ్మయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండుమిర్చి ఘాటు అనుకోవడానికి వీలుగానే ఉంది.

బల్ల కింద కూతురు సింధుజ బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది. ఆరేళ్లది. "అమ్మా, కెన్ ఐ డూ హిజ్ ట్రంక్ పింక్?" అని వినాయకుడి బొమ్మలో తొండం చూపించింది.

"నీ ఇష్టం నాన్నా."

బేసింగ్‌స్టోక్‌లో మొగుడింట్లో ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల అలా గట్టిగా అడిగింది లేదు. గుసగుసగానే అడిగేది. ఇక్కడికొచ్చాక గొంతు వచ్చింది. పొద్దున మెట్ల మీద పాట కూడా పాడింది. ఆ పాట విని కిరణ్మయి స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది.

"అవునూ, నీ నక్షత్రం ఏవిటే?" ఆంటీ ఇంగువ డబ్బా మూత తీస్తూ అడిగింది.

"రోహిణి."

"మీ ఆయన వాళ్ల గోత్రం?"

"కౌండిన్యస. ఎందుకాంటీ?"

"ఊరికేనే. పోపు పోసేస్తున్నా, చెయ్యి తియ్యి."

శనివారం కిందికి దిగకూడదన్నది ఆంటీ పెట్టిన కట్టుబాటు. శనివారాలు ఎక్కడెక్కడి తెలుగువాళ్లో ఈస్ట్ హామ్‌కి కార్లేసుకుని వచ్చేస్తారు. ములక్కాడలు, గోంగూర, కందిపప్పు బస్తా డిక్కీలో వేసుకుని, దోసెలు తిని, అట్నుంచటే గుడికొస్తారు. రెడింగ్ వాళ్లొస్తారు, బేసింగ్‌స్టోక్ వాళ్లొస్తారు. అందుకే కిటికీ కర్టెన్ తీయకూడదు. పిల్ల మెట్లు దిగకూడదు. గుడి ఫోన్ కిరణ్మయి ఎత్తకూడదు. నలుగురిలో ఆంటీ ఆమెని పేరుతో పిలవదు, 'అమ్మాయ్' అంటుంది. వంటింట్లో సాయం చేసే ఆడవాళ్లు అడిగితే లెస్టర్ నుంచి వచ్చిన చుట్టాలమ్మాయి అని చెప్తుంది. ఇంత జాగ్రత్తగా చూసుకునే మనిషి కన్నతల్లికి కూడా దొరకదు అనుకునేది కిరణ్మయి.

ఆ శనివారం పొద్దెక్కాక, మంచం మీద కూర్చుని సింధుకి జడ వేస్తోంది. ఒక చేత్తో వేయడం కష్టం. ఒక పాయని పిల్లే పట్టుకుంటే, రెండు పాయల్ని తాను తిప్పుతోంది. కింద హాల్లో మైకులో పూజారి పాండురంగం గారి గొంతు వినిపిస్తోంది. అర్చనలు జరుగుతున్నాయి. వరసగా గోత్రాలు, పేర్లు. ఆ గొంతు వినడం ఆమెకి బాగుంటుంది. ఎవరి కడుపు చల్లగా ఉండాలని ఎవరు కోరుకుంటున్నారో అనుకుంటూ జడ అల్లుతోంది.

"కౌండిన్యస గోత్రోద్భవస్య... శ్రీకర్ నామధేయస్య..."

చేతిలో పాయ జారిపోయింది.

"...ధర్మపత్నీ కిరణ్మయీ నామధేయవత్యాః, రోహిణీ నక్షత్రే జాతాయాః, కుమారీ సింధుజా నామధేయవత్యాః, సహకుటుంబానాం, క్షేమ, స్థైర్య, ధైర్య, విజయ, అభయ..."

మైకు మంచిది. ఆ మధ్యనే ఎవరో డాక్టరుగారు విరాళంగా ఇచ్చారు. ప్రతి అక్షరం స్పష్టంగా గోడల్ని, నేలని దాటుకుని పైకొచ్చింది. హాల్లో ఎంతమంది ఉన్నారో ఆ చప్పుడు బట్టి తెలుస్తూనే ఉంది.

"దట్స్ అస్!" అంది సింధు సంబరంగా. "అమ్మా, హి సెడ్ మై నేమ్!"

కిరణ్మయి పిల్ల నోరు మూసింది.

కాసేపటికి ఆంటీ మెట్లెక్కి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. చేతిలో కొబ్బరిచిప్ప, పువ్వులు, కుంకుమ పొట్లం. మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ నీ జన్మనక్షత్రమే! నీకు తెలీకుండా చేయిద్దామనుకున్నా. ఇదిగో, బొట్టు పెట్టుకో, నూరేళ్లు చల్లగా..."

"నా పేరు చెప్పారా, ఆంటీ?"

"ఆఁ?"

"నా పేరు. మైకులో. ఆయన పేరుతో సహా."

ఆంటీ నవ్వు కాసేపు అలాగే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా కుర్చీలో కూలబడింది. "అయ్యో అయ్యో! పేరు చెప్పకపోతే అర్చన ఎలా చేస్తారే? దేవుడి దగ్గర కూడా దాపరికమా? నేను అది... నాకసలు తట్టనేలేదే..."

నిజంగానే తట్టలేదు. ఫోన్లో చెప్పకూడదని తెలుసు, పక్కింటివాళ్లకి చెప్పకూడదని తెలుసు. దేవుడికి చెప్పడం మనుషులకి చెప్పడం అవుతుందని ఆవిడకి తోచలేదు. పెళ్లైన ఆడదాని పేరు మొగుడి గోత్రం, మొగుడి పేరు వెనకాలే వస్తుంది. అలా చదివించడమే ఆవిడకి తెలుసు. కిరణ్మయికి అరవాలనిపించింది. కానీ ఎదురుగా ఆ ముసలావిడ కొబ్బరిచిప్ప ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే ఎవరి మీద అరుస్తుంది?

"ఎవరూ విని ఉండర్లేండి," అంది చివరికి, తనే ఆంటీ భుజం మీద చెయ్యి వేసి.

ఆదివారం ఏమీ జరగలేదు. కిరణ్మయి మాత్రం వీధిలో కారు ఆగినప్పుడల్లా కర్టెన్ పక్కనుంచి తొంగిచూసింది. అన్నం సయించలేదు. వేరే ఎక్కడికైనా పోదామంటే ఎక్కడికి? ఈ దేశంలో ఆమెకి తెలిసినవి ఒక ఇల్లు, ఒక స్కూలు, ఈ గది. సోమవారం మధ్యాహ్నం, బట్టలు మడతపెడుతుండగా, మెట్ల మీద ఆంటీ అడుగులు వినిపించాయి. ఎప్పుడూ గబగబా ఎక్కే మనిషి, ఆగి ఆగి ఎక్కుతోంది.

"వచ్చాడే. చలపతి గారు నిన్ను కిందికి రమ్మంటున్నారు."

చలపతి గుడి కమిటీ ప్రెసిడెంటు. చాలా ఏళ్లు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, చేసి క్లినిక్ అప్పగించేసి, ఇప్పుడు గుడే లోకంగా ఉన్నాడు. ఆఫీసు గదిలో ఆయన ఎదురుగా శ్రీకర్ కూర్చుని ఉన్నాడు. బూట్లు బయట విప్పి, సాక్సులతో, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, బుద్ధిమంతుడైన విద్యార్థిలా ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. పుష్పలీల కాళ్లకి దండం పెట్టాడు.

"మా కిరణ్‌ని, పాపని కన్నబిడ్డల్లా చూసుకున్నారు ఆంటీ. మీ రుణం తీర్చుకోలేను."

ఆంటీ తెల్లబోయి చూసింది. ఇన్నాళ్లూ ఆవిడ మనసులో ఊహించుకున్న రాక్షసుడు ఇతనేనా అన్నట్టు చూసింది.

"మా ఫ్రెండ్ వాళ్ల మిసెస్ ఇక్కడ మా పేర్లు విని ఫోన్ చేసింది అంకుల్. నేను ఎక్కడెక్కడ తిరిగానో! తప్పు నాదే. ప్రాజెక్ట్ ప్రెషర్, నిద్రల్లేవు... ఏదో జరిగిపోయింది. మీరు ఏం చెప్తే అది చేస్తాను."

"చెయ్యి విరిచాడు డాక్టరు గారూ," అంది పుష్పలీల. గొంతు మెత్తగానే ఉంది కానీ, అన్నది.

చలపతి నిట్టూర్చాడు. "చూశానమ్మా ఎక్స్‌రే. ఎముక సన్నగా చిట్లింది, అంతే. ఇంకొన్ని వారాల్లో అతుక్కుంటుంది. సంసారం అలా కాదు కదా, ఒకసారి విరిగితే." ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నిజంగా నమ్మే అన్నాడు. "నువ్వేమంటావమ్మా కిరణ్మయీ?"

"నేను వెళ్లనంకుల్."

శ్రీకర్ తల వంచుకున్నాడు. "ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యనంకుల్. కానీ వచ్చే నెల వీసా ఎక్స్‌టెన్షన్‌కి పంపాలి. తను నాతో ఉండట్లేదంటే హోమ్ ఆఫీస్‌కి చెప్పకుండా ఎలా ఉంటాను? అబద్ధం ఆడలేను కదా. తను ఇండియా వెళ్లిపోవాల్సి వస్తుంది. పాపకి పర్లేదు, నా పేరు మీద ఇక్కడే ఉండొచ్చు. స్కూలు కూడా పాడవదు."

ఎంత నెమ్మదిగా చెప్పాడు! ఆ గదిలో ఆ మాటలో బెదిరింపు వినిపించింది ఆమె ఒక్కదానికే. ఇంట్లో అయితే గొంతు తగ్గించాక ఏం వస్తుందో ఆమె ఒంటికి తెలుసు.

"ఆంటీ," అంది, ఆవిడ వైపు తిరిగి. ఆ ఒక్క పిలుపులో ప్రాణమంతా పెట్టుకుంది.

పుష్పలీల దేవుడి గది వైపు చూస్తోంది. శనివారం నుంచి ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. తన చేతులారా ఈ పిల్ల గొంతు కోశానా అని కుమిలిపోతోంది. ఇప్పుడు ఎదురుగా ఒక కుర్రాడు దండం పెట్టి, తప్పు నాదే అంటున్నాడు. ఒక్కసారిగా ఆవిడ మొహం తేటపడింది. అది చూస్తుండగానే జరిగింది, కిరణ్మయి కళ్ల ముందే.

"అర్చన చేయించిన మూడోనాటికి వచ్చి నిలబడ్డాడే! నేను పొరపాటు చేశాననుకున్నా. కాదే, ఆ స్వామే నా చేత పేరు చదివించాడు. మొగుడూ పెళ్లాం పేర్లు కలిపి చదివిస్తే మనుషుల్నీ కలిపాడు." ఆవిడ కన్నీళ్లు తుడుచుకుని నవ్వింది. "నా మాట విను తల్లీ. బుధవారం పౌర్ణమి. ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి సత్యనారాయణ వ్రతం చేయిస్తా. ఆయన సన్నిధిలో మాటిచ్చినవాడు మళ్లీ చెయ్యెత్తుతాడా?"

"చాలా మంచి ఆలోచన," అన్నాడు చలపతి.

కిరణ్మయి ఎవర్నీ చూడలేదు. "పాప నా దగ్గరే ఉంటుందా?" అని అడిగింది.

"అదేం ప్రశ్న కిరణ్?" అన్నాడు శ్రీకర్. "నువ్వు తల్లివి."

బుధవారం పొద్దున్నుంచి వంటిల్లు కళకళలాడింది. ఆంటీయే రవ్వ వేయించి, అరటిపండ్లు పిసికి, ప్రసాదం చేసింది. కిరణ్మయిని పని ముట్టుకోనివ్వలేదు. "నువ్వు పెళ్లికూతురివే ఇవాళ," అని తలంటి పోసి, తడి తగలకుండా ఆ చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టింది. శ్రీకర్ ఆఫీసుకి సెలవు పెట్టి, కొత్త పట్టుచీర తెచ్చాడు. జాకెట్టు చెయ్యి పట్టీ మీంచి పట్టలేదు. ఆంటీ కుట్టు విప్పి, పిన్నీసు పెట్టి, పైట కప్పింది. పైట కింద పట్టీ కనపడకుండా పోయింది.

సాయంత్రం హాలు సగం నిండింది. పాండురంగం గారు కలశం పెట్టి, పసుపు గణపతిని చేసి, పుష్పలీలని పిలిచి, తల్లి స్థానంలో ఉన్నారంటూ కొంగుముడి వెయ్యమన్నారు. ఆవిడ కిరణ్మయి పైటకొంగులో వక్క, పసుపుకొమ్ము పెట్టి, శ్రీకర్ ఉత్తరీయంతో కలిపి బిగించి ముడివేసింది. చేతివేళ్లు ఆడని వయసులో కూడా గట్టిగానే వేసింది.

"అమ్మా, సంకల్పం. అబ్బాయి కుడిచేతిని ముట్టుకుని ఉండాలి మీరు," అన్నారు పూజారి. ఆమె మొహంలోకి చూడకుండా అన్నారు.

కిరణ్మయి ఎడమచెయ్యి చాచబోయింది. "కుడిచెయ్యమ్మా," అని ఎవరో వెనకనుంచి సర్దారు. పైట కిందనుంచి పట్టీ కట్టిన చెయ్యి తీసి, వేళ్ల చివరలు అతని ముంజేతి మీద పెట్టింది. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. అది కదిలినప్పుడల్లా ఆమె భుజం దానంతటదే వెనక్కి పోతోంది. కథలు అయిదూ అయ్యేదాకా అలాగే కూర్చుంది. హారతి వేళ చలపతి మైకు తీసుకుని, మన సహాయ కేంద్రం ఒక సంసారాన్ని నిలబెట్టిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పుష్పలీల అందరికంటే గట్టిగా కొట్టింది.

బయట చలి కోస్తోంది. శ్రీకర్ కారు బళ్లు ఆపకూడని పసుపు గీత మీద, షాపుల ముందు ఆపాడు. వెనక బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆంటీ ప్రసాదం డబ్బాలు, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ సంచిలో పెట్టి తెచ్చింది. సాగనంపడానికి పదిమందిదాకా పేవ్‌మెంట్ మీదకొచ్చారు.

సింధుజ కారు ఎక్కలేదు. గుడి తలుపు హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"కమ్ ఆన్ బంగారం," అన్నాడు శ్రీకర్.

"నో! ఐ డోంట్ వాంట్ టు గో టు డాడీస్ హౌస్! ఐ లివ్ హియర్!"

ఎవరో నవ్వారు. "గుడి పులిహోర మరిగింది," అన్నారు. ఇంకెవరో "పిల్లలంతే" అన్నారు. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. శ్రీకర్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. కారు మీద చెయ్యి ఆనించి, వేళ్లతో చిన్నగా తాళం వేస్తున్నాడు. కిరణ్మయి ఆ వేళ్లని చూసింది. నలుగురిలో ఆయనకి జరిగిన ఈ అవమానం ఇంటికి వెళ్లాక ఎవరి మీద తీరుతుంది? ఇన్నాళ్లూ పిల్ల జోలికి రాలేదు. ఇవాళ అది అన్న ఒక్కో మాటా ఆ వేళ్లు వింటున్నాయి.

"సింధూ, రా. నాన్నా, రామ్మా," అంది. పిల్ల హ్యాండిల్ వదల్లేదు.

"హి విల్ డూ ఇట్ అగైన్! అమ్మా, హి విల్..."

కిరణ్మయి ఎడమచెయ్యి లేచింది. పిల్ల చెంప మీద పడింది. ఆ చప్పుడు బస్సు మోతలో కూడా అందరికీ వినపడింది.

ఆ పిల్ల పుట్టాక దాన్ని ఆమె కొట్టడం అదే మొదటిసారి. సింధు ఏడవలేదు. హ్యాండిల్ వదిలేసి, చేతులు పక్కలకి దించుకుని, కదలకుండా నిలబడింది. ఎలా నిలబడితే రెండో దెబ్బ పడదో తెలిసినట్టు నిలబడింది.

శ్రీకర్ గబగబా వచ్చి మోకాళ్ల మీద కూర్చుని పిల్లని గుండెకి హత్తుకున్నాడు. "పసిదాన్ని ఎవరైనా కొడతారా కిరణ్?" అన్నాడు. ఆ గొంతులో ఎంత బాధ!

"అయ్యో పాపం," అంది ఒకావిడ. "అతనే నయం," అంది ఇంకొకావిడ, తగ్గించిన గొంతుతో. చలపతి బూట్లవైపు చూసుకున్నాడు. కిరణ్మయి ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఆయన కొట్టకుండా ఉండాలని నేను కొట్టానని చెప్తే ఎవరికి అర్థమవుతుంది? పుష్పలీల ఆంటీ వైపు చూసింది. ఈ మనిషికి అర్థమవుతుంది. పట్టీ తడవకుండా సంచి చుట్టిన మనిషి, తలంటి పోసిన మనిషి, మెతుకులు పడితే చూడనట్టు ఊరుకున్న మనిషి.

ఆంటీ మొహంలో జాలి లేదు. అక్కడ అనుమానం ఉంది, దాని వెనకే ఒక తేలికదనం ఉంది. తన మీంచి పెద్ద బరువేదో దిగిపోయినట్టు ఆవిడ ఊపిరి వదిలింది.

"చెయ్యి చేసుకోవడం తప్పమ్మా," అంది, సంచి ఆమె ఎడమచేతికి అందిస్తూ.

ఇన్ని రోజుల్లో ఆ మాట శ్రీకర్‌తో ఎవరూ అనలేదు.

"తప్పే ఆంటీ," అంది కిరణ్మయి. ఇక ఈ గుమ్మం ఎక్కడానికి తనకి మొహం లేదని, ఎక్కినా ఎవరూ నమ్మరని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. సంచి ఒళ్లో పెట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. శ్రీకర్ వంగి, చేతికి నొప్పి కలగకుండా, ఆమెకి సీటుబెల్టు పెట్టాడు.